మూడో సీసా

నాలుగో అంతస్తు, వెనక గది
ఫిబ్రవరి 9

బావమరిదికి,

త్రాసు మీద చెయ్యి పెట్టి నువ్వు మాట ఇచ్చి నలభై ఏళ్లయింది. నీకు గుర్తుండదు. నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. నూనెల పేర్లు నా పుస్తకంలో, తూకాలు నీ పుస్తకంలో. మనిద్దరిలో ఒక్కరు బతికున్నా సరే, ఏ పుస్తకమూ మూడో మనిషి కంటపడకూడదు. "పడితే నా చెయ్యి పడిపోనీ బావా" అన్నావు.

చెయ్యి పడిపోలేదు. తొమ్మిదేళ్లు తిరక్కుండానే నా పుస్తకం మా ఇంటి బీరువాలోంచి లేచి సబ్బుల కంపెనీకి నడిచి వెళ్లింది. బీరువా తాళంచెవి మీ అక్క కొంగున ఉండేది. మీ అక్క దగ్గరికి ఏ వేళప్పుడైనా అడగకుండా రాగలిగినవాడివి నువ్వొక్కడివే. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా నీ మొహం చూడకపోవడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఇప్పుడు రాస్తున్నది రాజీ కోసం కాదు. కడుపులో దేవుతోంది. ఎవరి మీదో ఒకరి మీద కక్కాలి. అందుకు నీకన్నా తగినవాడు కనిపించలేదు.

కిందటి వారం ఆ కంపెనీ నుంచి ఒక కళ్లజోడావిడ వచ్చింది. అక్కడ వాసనలు కలిపే గదికి ఆవిడే పెద్దట. నాలుగు అంతస్తులు ఎక్కిన ఆయాసంతో సంచీలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మీ సెంటు మళ్లీ వస్తోంది సార్. ఈసారి అచ్చంగా మీరు చేసినట్టే."

"నేను చేసినట్టే అని ఎవరు చెప్పారు?"

"తూకాలన్నీ మీ బావమరిదిగారు ఇచ్చారు కదండీ."

ఆ మాటతో నాకు సగం వాంతి వచ్చింది. మిగతా సగం మూత తీశాక వచ్చింది.

కాగితపు పట్టీ ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు పంపరపనస. పండు కాదు, ఎవడో పండు తిని, చేతులు కడుక్కోకుండా వచ్చి మన చెయ్యి పట్టుకున్నట్టుంది. దాని వెనక నిమ్మ. అది నేను పన్నెండేళ్ల పాటు నేల తుడిచే మందులో కలిపిన నిమ్మ. కొట్టు మూతపడ్డాక నా బతుకు ఆ బకెట్ల మధ్యే తెల్లారింది కాబట్టి ఆ వాసన నాకు బాగా తెలుసు. తరవాత మిరియం. తుమ్ము తెప్పించదు, తుమ్మనూ తుమ్మనివ్వదు. ఆఖర్న దేవదారు రావాలి. వచ్చింది, పైఅధికారి గది బయట నిలబడ్డ గుమస్తాలాగా, లోపలికి రావచ్చాండీ అని అడుగుతూ.

నా దేవదారు ఎవర్నీ అడిగేది కాదు. తలుపు తట్టడం దానికి తెలియదు, తన్నుకుని వచ్చేది. గదిలో పదిమంది ఉంటే పదిమందీ తలలు తిప్పేవారు. అందులో నలుగురికి నచ్చేది కాదు, అదే దాని గొప్ప. అందరికీ నచ్చే వాసన వాసనే కాదు, మొహమాటం.

ఆవిడ రెండు కాగితాలు ఇచ్చి వెళ్లింది. ఒకటి, ఇది అసలైన సెంటేనని నేను సంతకం పెట్టాల్సింది. రెండోది ఖాళీది. ఈ సెంటు ఎలా పుట్టిందో నాలుగు వాక్యాలు రాస్తే నా పేరుతో పెట్టె మీద అచ్చు వేస్తారట. ఏప్రిల్ నెలాఖరు దాకా గడువు. నేను సంతకం పెట్టకపోయినా సీసాలు బజారుకి వస్తాయి, నా పేరు లేకుండా.

డెబ్బై ఆరేళ్ల బతుకులో ఇది నాదని చెప్పుకోడానికి నాకున్నది ఆ ఒక్క వాసన. దాన్ని నువ్వు రెండోసారి పాడు చేశావు. ఏం కలిపావు? ఏం తీసేశావు? జవాబు రాయి. క్షేమ సమాచారాలు అక్కర్లేదు.

ముక్కు

*

తాళాల కొట్టు పైన గది
ఫిబ్రవరి 21

బావగారికి నమస్కారాలు.

క్షేమ సమాచారాలు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. దస్తూరీ ఇలా ఉన్నందుకు మాత్రం క్షమించాలి. మీరు కోరుకున్నట్టు చెయ్యి పడిపోలేదు గాని వణుకుతోంది. గ్లాసు టీ పోసుకుంటే సగం నేను తాగుతాను, సగం చొక్కా తాగుతుంది. వెంట్రుక బరువు తూచిన చెయ్యి అని మీరే అనేవారు. ఇప్పుడు కింద కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన నన్ను చూసి, "మాస్టారూ, మీ చేతికి గజ్జె కడితే వాద్యానికి పనికొస్తుంది" అంటాడు. నవ్వుతాను. ఏం చేస్తాను మరి?

తూకాలు నేనే ఇచ్చాను. ఒప్పుకుంటున్నాను. కిందటేడు ఆ కళ్లజోడావిడ నన్నూ వెతుక్కుంటూ వచ్చింది. పేర్లు ముప్ఫయ్యొక్క ఏళ్లుగా వాళ్ల దగ్గరే ఉన్నాయి. తూకాలు లేకుండా వాళ్లే ఏదో ఊహించి చేసిన ఆ పల్చటి నీళ్లు మూడేళ్లు కూడా అమ్ముడుపోలేదని మీకూ తెలుసు. నాకు డెబ్బై దాటాయి. నేను పోయాక నా పుస్తకం పాతకాగితాలవాడి సంచీలోకి పోతుంది. మీరు పోయాక ఆ వాసన ఎలా ఉండేదో చెప్పేవాడు ఉండడు. అందుకని ఇచ్చాను. ఒక్క షరతు పెట్టాను, మొదటి సీసా మీ చేతికి ఇవ్వాలని.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీకు వాసన తెలియదటగా? మరి సెంటు ఎలా చేసేవారు?"

"అమ్మా, నేను చేసేవాణ్ణి కాదు, తూచేవాణ్ణి. మా బావ ముక్కు, నేను చెయ్యి. కొట్టుకొచ్చేవాళ్లు అలాగే పిలిచేవాళ్లు."

"సీసా మీద పేరు చదివి తూచేవారా?"

"పేర్లుండవమ్మా. అంకెలుంటాయి. ఆయన అంకె చూసి అందిస్తాడు, నేను పోసి రాసుకుంటాను. ఎనిమిదేళ్లప్పుడు జ్వరంలో నా ముక్కు చచ్చిపోయింది. అందుకే నమ్మి పెట్టుకున్నాడు. నేను దొంగిలిద్దామన్నా నాకు తెలిసేది అంకెలే."

ఆవిడకి నవ్వొచ్చింది. నాకు మాత్రం ఆ రోజంతా మన కొట్టు కళ్లముందు కదిలింది.

మీ పుస్తకం సంగతి. నేను దాన్ని ముట్టుకోలేదు. అప్పుడూ ఇదే చెప్పాను, మీరు చెవిన పెట్టలేదు. అంతకు మించి అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ రాయలేను.

నాలుగేళ్ల కిందట అక్క పోయిన రోజు మీ గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాను. లోపలినుంచి మీరు చూశారు. అది గుర్తు చేయడానికి రాయడం లేదు. రాశాక చూస్తే గుర్తు చేసినట్టే ఉంది, అయినా కొట్టెయ్యను.

ఆ సీసాలో ఏం బాగాలేదో వివరంగా రాయండి. నాకు అవసరం.

మీ బావమరిది

*

నాలుగో అంతస్తు
మార్చి 4

బావమరిదికి,

వివరంగా కావాలా? తీసుకో.

పొద్దున ఏడింటికి మూడు పట్టీలు ముంచి కిటికీ దగ్గర గుచ్చాను. ఏడుం పావుకి నిమ్మజాతి అంతా చచ్చింది. అది చచ్చిన తీరు చెబుతాను విను. మంచి సెంటులో పళ్లవాసన పోతూ పోతూ వెనకవాడికి దారి చూపిస్తుంది. ఇందులో కాలుజారి పడిపోయింది. తొమ్మిదింటికి మిరియం, వట్టివేరు. వట్టివేరు బురద వాసన. తడిసిన కుక్క వచ్చి మన కాళ్ల దగ్గర ఒళ్లు దులుపుకుంటే ఎలా ఉంటుందో అలా. పదకొండింటికి పెన్సిలు చెక్కిన పొట్టు. అదట దేవదారు! మధ్యాహ్నానికి ఏమీ లేదు. నా సెంటు చొక్కాకి అంటితే మూడు ఉతుకులు తట్టుకునేది. ఇది ఒక పూట భోజనాన్ని కూడా తట్టుకోలేదు.

వీధిలోకి వెళ్తే అంతా ఇలాంటివే, బావమరిదీ. లిఫ్టులో ఎక్కితే పంచదార పాకం వాసనేసే కుర్రాళ్లు, బ్యాంకులో క్యూలో నిలబడితే ప్లాస్టిక్ పువ్వుల వాసనేసే ఆడవాళ్లు. మొన్న పుస్తకాల షాపులో కూడా గోడకి ఒక డబ్బా తగిలించి ఏదో చిమ్ముతున్నారు. పుస్తకానికి ఉన్న సొంత వాసన చాల్లేదు కాబోలు! నాకు జీవితంలో మిగిలిన సుఖం చదువు. అక్కడా ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. పది పేజీలు తిప్పి బయటికొచ్చి ఉమ్మేశాను.

నా తీర్పు విను. దేవదారు సగానికి సగం తగ్గింది. నా ముక్కు ఇంకా చావలేదు. కంపెనీవాళ్లు కోసి ఉండాలి, లేదా నువ్వు సగమే చెప్పి ఉండాలి. కళ్లజోడావిడకి ఉత్తరం రాస్తే, "మీ బావమరిదిగారి పుస్తకంలో పన్నెండు అని ఉంటే పన్నెండే పోశాం సార్" అని జవాబొచ్చింది. అంటే నువ్వే. ముప్ఫయ్యొక్క ఏళ్ల కిందట మొత్తం దొంగిలించావు, ఇప్పుడు సగం దాచావు. దొంగతనంలో కూడా నీకు తిన్నని తూకం లేదు.

సంతకం ఇంకా పెట్టలేదు. రెండో కాగితం మాత్రం నింపాను. నువ్వు దాన్ని ఎలాగూ చదువుతావు కాబట్టి ముందే రాస్తున్నాను:

"ఈ సెంటును నా భార్య కోసం చేశాను. ఇందులో దేవదారు మోతాదు, మరెవరూ తూచనంత, నా సొంత ఆలోచన. ఆమెకి ఇదంటే ప్రాణం. చివరిదాకా మా ఇంట్లో ఈ వాసనే ఉండేది."

నాలుగు వాక్యాలు. ఒక్క మాట ఎక్కువ లేదు. మీ అక్క పేరు చెప్పుకుని ఒక మంచి వస్తువు నిలుస్తుంది. సగం దేవదారు ఎక్కడ దాచావో చెప్తే అది మంచి వస్తువు కూడా అవుతుంది.

ముక్కు

*

తాళాల కొట్టు పైన
మార్చి 19

బావా,

మీరు అనడం ఇక నా వల్ల కాదు. ఎన్నో ఏళ్లు నువ్వనే అన్నాను.

నువ్వు పట్టుకుంటావనే దాచాను. పట్టుకున్నావు. నీ ముక్కు బతికే ఉంది, నాకు చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు చెప్పేది వింటే నీకు ఉండదు.

ఆ సెంటు మొదటిసారి కుదిరిన రోజు నీకు పడిశం. గుర్తుందా? తలకి తువ్వాలు చుట్టుకుని, ముక్కు కారుతూ, కళ్లు ఎర్రగా. రేపు చేద్దాం బావా అంటే, "రేపటికి పళ్లనూనెలు చెడతాయి, నువ్వు తూచు, నేను లెక్కప్రకారం అందిస్తా, వాసన వారం తరవాత చూసుకుంటా" అన్నావు. ఒకటి అందించావు, పోశాను. రెండు, మూడు. మూడు పన్నెండు గ్రాములు. రాసుకున్నాను. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఏడు తరవాత నువ్వు తుమ్మి, మొహం తుడుచుకుని, మళ్లీ మూడో సీసా నా చేతిలో పెట్టావు.

"ఇది అయింది బావా" అందామనుకున్నాను. నువ్వు "ఊఁ, కానీ" అన్నావు. నీ ఆలోచన ఏదో ఉందనుకున్నాను. ముక్కు ఉన్నవాడివి నువ్వు. నాకేం తెలుసు, నూనె రంగు కూడా నీళ్లలాగే ఉంది. ఇంకో పన్నెండు పోశాను. పుస్తకంలో ఒక అంకెకి ఒకటే వరస అని నువ్వే గీతలు గీసిచ్చావు. రెండో పన్నెండు రాయడానికి చోటు లేదు. తరవాత అడుగుదామనుకుంటే నువ్వు వెళ్లి పడుకున్నావు.

వారం తరవాత నువ్వు మూత తీసి కేక పెట్టావు. "ఇదిరా! ఇదీ!" అని నన్ను కావిలించుకున్నావు. "దేవదారు చూడు, ఎలా తన్నుకొస్తోందో! నేను ఊహించిందే!" అన్నావు. అప్పుడు చెప్పాలా? నువ్వు చెప్పు. ఆ మొహం చూసి చెప్పగలిగేవాడివా?

ఆ తరవాత తొమ్మిదేళ్లు, చేసిన ప్రతిసారీ, నువ్వు చేతులు కడుక్కోడానికి పంపు దగ్గరికి వెళ్లగానే మూడో సీసా మళ్లీ తీసి పన్నెండు పోసేవాణ్ణి. ఎక్కడా రాయలేదు. కంపెనీకి ఇచ్చింది పుస్తకంలో ఉన్నదే. చేతిలో ఉన్నది ఇవ్వలేదు.

జలుబు చేసిన ముక్కూ, ముక్కులేని చెయ్యీ కలిసి చేసిన తప్పు బావా అది. మనిద్దరికి తప్ప లోకంలో ఇంకెవరికీ ఆ తప్పు చేతనయ్యేది కాదు.

నీ పేరు పెట్టుకో. నాకు అభ్యంతరం లేదు, ఆ మూడో సీసా నువ్వు అందించిందే. దేవదారు నీ సొంత ఆలోచన అని కూడా రాసుకో. నేను చచ్చేదాకా నోరు విప్పను. కానీ అక్క సంగతి పెట్టె మీద వద్దు. ఆ ఆఖరి రెండు వాక్యాలు కొట్టెయ్యి. ఎందుకని అడక్కు.

నీ బావమరిది

*

నాలుగో అంతస్తు
మార్చి 25

అబద్ధాలకోరుకి,

ఉత్తరం చదివాను. రెండోసారి చదవడానికి చేతులు కడుక్కుని కూర్చున్నాను. మళ్లీ కడుక్కోవాల్సి వచ్చింది.

ముసలితనంలో మనుషులు పిల్లనిస్తామని ఎవరెవరో వెంటపడ్డ కథల దగ్గర్నుంచి, గెలవని యుద్ధాలు గెలిచిన కథల దాకా చెప్పుకుంటారు. నువ్వు ఏకంగా నా సెంటుకే తండ్రివయ్యావు. ఎంత వినయంగా అయ్యావు! "నీ పేరు పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు!" భిక్ష వేసేవాడు కూడా ఇంకొంచెం పరాకుగా వేస్తాడు. ఈ వినయం వాసన ఏమిటో తెలుసా నీకు? తెలియదులే. మూత సరిగా బిగించని నూనె, నెలలు గడిచాక ముక్కిపోయిన వాసన.

మీ అక్క మాట కొట్టెయ్యమంటున్నావు. నా భార్య గురించి నా పెట్టె మీద నేనేం రాసుకోవాలో నువ్వా చెప్పేది? తొమ్మిదేళ్లు ఆ సెంటు మధ్య, తరవాత మరో ఇరవై ఏడేళ్లు దాని జ్ఞాపకాల మధ్య నాతో కాపురం చేసిన మనిషి. ఒక్కనాడు ముక్కు చిట్లించలేదు.

రెండు కాగితాలూ కవరులో పెట్టాను. గడువు ముందు రోజు పోస్టు చేస్తాను. ఈలోపు కారణం రాయి. లేదా నోరు మూసుకో.

ముక్కు

*

తాళాల కొట్టు పైన
ఏప్రిల్ 6

బావా,

అక్కకి ఇచ్చిన మాట తప్పుతున్నాను. నువ్వన్నట్టు నేను మాట తప్పేవాణ్ణే. కాకపోతే ఇదే మొదటిసారి.

నీ పుస్తకం కంపెనీకి ఇచ్చింది అక్క.

దాని కోసం ఏమీ పుచ్చుకోలేదు. కంపెనీ మనిషి నువ్వు లేనప్పుడు బేరానికి వస్తే, బీరువా తీసి చేతిలో పెట్టి, "ఇది మీరు చేసుకోండి. మా ఇంట్లో చేయకుండా ఉంటే చాలు" అందట. మర్నాడు నువ్వు ఖాళీ సీసాల కోసం బయటికి వెళ్లినప్పుడు కొట్టులోకి వచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఒరేయ్, నీకు వాసన తెలియదు కాబట్టి నీకే చెప్పగలను. ఇంకెవరికి చెప్పినా అదేంటి, అంత మంచి సెంటు అంటారు."

"ఏమైందక్కా?"

"ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే. నీళ్లు తాగితే అదే. దిండు తిప్పి పడుకున్నా అదే. పిల్ల కడుపులో ఉన్నప్పుడు రోజుకి ఆరుసార్లు కక్కుకున్నాను. పిల్ల నిలవలేదు. దానివల్ల కాదన్నాడు డాక్టరు. అవనీ కాకపోనీ. ఆ వాసన తగిలితే నాకు ఆ ఆసుపత్రి మంచమే గుర్తొస్తుందిరా."

"బావకి చెప్పలేదా?"

"చెప్పాను. ఒక్కసారి. కొట్టుకీ వంటింటికీ మధ్య గుమ్మానికి తలుపు పెట్టించమన్నాను. ఆ కోటు బయట విప్పి, ఒళ్లు కడుక్కుని లోపలికి రమ్మన్నాను. వచ్చే వారం వడ్రంగిని పిలుస్తానని మాట ఇచ్చాడు. ఎనిమిదేళ్లయింది." నవ్వింది. "అంత పెద్ద వడ్రంగి ఎక్కడున్నాడో!"

తరవాత అడిగింది. "ఇది నీ మీదికి వస్తుంది. తిట్లు తినగలవా?"

"ఆ పని నాకు కొత్తా అక్కా?" అన్నాను. నువ్వు బతికున్నంత కాలం చెప్పకు అంది. తను బతికున్నంత కాలం అని అడిగి ఉంటే నాలుగేళ్ల కిందటే చెప్పేవాణ్ణి, గేటు దగ్గరే.

బట్టలన్నీ బిస్కెట్ల డబ్బాల్లో పెట్టి, మూతల చుట్టూ టేపు అంటించేది గుర్తుందా? పురుగుల కోసం అని నీకు చెప్పింది. పురుగుల కోసం కాదు.

దొంగ అన్నావు, ఒప్పుకున్నాను. అబద్ధాలకోరు అన్నావు, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆమెకి ఇదంటే ప్రాణం అని ఊరంతా చదివేలా అచ్చు వేయించకు. చనిపోయాక కూడా ఆ వాసనలోనే పడుకోబెట్టకు.

ఇంకొక్కటి. నేను తొమ్మిదేళ్లు పోసిన దాని వాసన నాకు తెలియదు. అది ఎలా ఉండేదని నిన్ను ఎప్పుడూ అడగలేదు, నవ్వుతావని. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు తెలిసే భాషలో చెప్పు.

నీ బావమరిది

*

నాలుగో అంతస్తు
ఏప్రిల్ 27

బావమరిదికి,

నీ ఉత్తరం అబద్ధమని రుజువు చేద్దామని కూర్చున్నాను. దేవదారు నూనె తెప్పించాను. నా దగ్గర త్రాసు లేదు. మందుల షాపులో వాళ్ల త్రాసు మీద తూయించుకొచ్చాను, చేతికి వణుకు లేని అమ్మాయితో. కంపెనీ సీసాలో ఎంత ఉండాలో లెక్కకట్టి, రెండో పన్నెండుకి సరిపడా కలిపి, వారం రోజులు మూతపెట్టాను. ఎనిమిదో రోజు పొద్దున తీశాను.

అదే.

నీకు చెప్తాను, నీ భాషలో. కళ్లు మూసుకుని కూర్చున్నవాడి మొహాన ఎవరో చల్లటి నీళ్లు విసిరికొట్టారనుకో. అది పంపరపనస, నిమ్మ. ఉలిక్కిపడి నవ్వొస్తుంది. నవ్వు పూర్తికాకముందే నాలుక చివర సూది గుచ్చుతుంది, అది మిరియం. అప్పుడు భుజం మీద కొత్తగా కోసిన దూలం పెడతారు. అదీ దేవదారు. నువ్వు ఎన్నో తూచావు గాని అంత బరువు తూచి ఉండవు. పొడిగా, ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. నిటారుగా నిలబెడుతుంది మనిషిని. ఛాతీ పొంగుతుంది. వీధిలోకి వెళ్తే ఈ వీధి నాదే అనిపిస్తుంది. గంట తరవాత కూడా దిగదు. రెండు గంటల తరవాత భుజం మార్చుకుందామంటే వీలుకాదు. అంతే దాని స్వభావం. మొండిది, పొగరుబోతుది, ఎవర్నీ అడగదు. నలభై ఏళ్లు దాన్ని చూసి నేను గర్వపడ్డాను. అది పడిశంలో చేసిన తప్పని నువ్వు రాస్తే ఒళ్లు మండింది. ఇప్పుడు చూస్తే ఆ తప్పు లేకపోతే మిగిలేది పెన్సిలు పొట్టే. ఆ సంగతి మింగాను. గొంతు దిగడానికి మూడు రోజులు పట్టింది.

కానీ అసలు సంగతి ఆ మూడు రోజుల్లో జరిగింది. నా గది చిన్నది, నీకు తెలియదు. మంచం, బల్ల, పుస్తకాలు, స్టవ్వు, అన్నీ ఒక్క చోటే. మధ్యలో తలుపు లేదు. మొదటి రోజు పండగలా ఉంది. రెండో రోజు టీలో అదే. రొట్టె తుంచితే అదే. మంచినీళ్లలో అదే. కిటికీ తెరిచి కూర్చుని పుస్తకం చదువుదామంటే పేజీల్లోంచి అదే, నా సొంత పుస్తకాల్లోంచి. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ కక్కుకున్నాను. నా సెంటుకి నేనే. సింకు పట్టుకుని నిలబడి, నాకిది మూడు రోజులే, ఆమెకి తొమ్మిదేళ్లు, అనుకున్నాను.

అప్పుడు చెయ్యకూడని పని చేశాను. మంచం కింద మీ అక్క డబ్బాలు పదకొండున్నాయి. ఇల్లు మారినప్పుడు తెరవకుండా మోసుకొచ్చాను. ఒకటి లాగి, టేపు ఊడబీకి, మూత తీశాను. రెండే రెండు గుక్కల పాటు తెలిసింది, ఎండలో ఆరిన బట్ట వాసన. ఇంకేమీ లేదు అందులో. నేను లేను. ఆ ఇంట్లో నేను లేని చోటు అదొక్కటే కాబోలు. ముక్కు దగ్గర పెట్టుకుందామని బట్ట చేతిలోకి తీసుకున్నాను. నా చేతులకి దేవదారు. గది నిండా దేవదారు. మూత పెట్టేలోపే బట్టకి అంటుకుంది. ఆమె అన్నేళ్లు టేపు వేసి కాపాడుకున్నదాన్ని నేను అర నిమిషంలో చెడగొట్టాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ముందు, ఆ కంపెనీ సీసా పన్నీరు.

మిగతా పది తెరవలేదు. రేపు లారీ ఆఫీసులో వేస్తాను, నీ గదికి వస్తాయి. నీ గదిలో ఏ సెంటూ ఉండదుగా. డబ్బాల్లో వాసన ఉన్నా నీకు తెలియదు, కాబట్టి దాని కోసం నువ్వు ఏ డబ్బానీ తెరవవు. నిన్ను మళ్లీ నమ్మి పెట్టుకుంటున్నాను, అదే కారణంతో.

కంపెనీ కవరు చింపేశాను. కళ్లజోడావిడకి వేరే ఉత్తరం రాసి పోస్టు చేశాను. అందులో రెండే సంగతులు: మూడో సీసా రెండుసార్లు పొయ్యండి, ఆ రెండోసారి మా బావమరిదిది. పెట్టె మీద ఎవరి గురించీ ఏమీ రాయొద్దు, నా గురించి కూడా. సంతకం పెట్టలేదు. బజారులోకి వస్తుంది. వీధిలో ఎదురొస్తే అవతలి పక్కకి వెళ్లిపోతాను.

నిన్ను దొంగ అన్నందుకు క్షమించమని అడగను, నాకు చేతకాదు. గేటు సంగతి కూడా అడగను. డబ్బాలు వచ్చాక రశీదు పంపు.

ఇక ఆ పుస్తకం. నీ తప్పేం లేదు, కంపెనీవాళ్లు చేతికొచ్చింది పట్టుకెళ్లారు, వడ్రంగిని నేను పిలవలేదు. అన్నీ తెలుసు. తలుపు పెట్టించమని ఒక్కసారి అడిగింది. రెండోసారి అడగాల్సింది. అరవాల్సింది, సీసాలు నేలకేసి కొట్టాల్సింది, నా మొహానే కక్కాల్సింది. పెట్టించేవాణ్ణో కాదో నాకే తెలియదు. కానీ అడగాల్సింది కదా! నవ్వుతూ టేపు అంటించుకుంటూ కూర్చుంది. నాకు చెప్పకుండా, ముక్కులేని నీకు చెప్పుకుంది. ఎవరేమనుకున్నా సరే, నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్క మనిషినే. మీ అక్కని.